పర్చూరు దాకా కండువా

యోనా,

నువ్వు ఫోనెత్తవు గనక మళ్లీ రాస్తున్నాను. గురువారం పది గంటల చీరాల బస్సెక్కుతున్నానని, పర్చూరులో నువ్వూ ఎక్కమని కార్డు రాశాను గదా. గుంటూరులోనే నా పక్క సీట్లో కండువా పరిచాను. ఇరవై ఆరేళ్లు కండక్టరుగా, ఇలా సీట్లు ఆపేవాళ్లని తిట్టినవాణ్ణి నేనే. ప్రత్తిపాడులో, మిరప కోతలకొచ్చి ఇంటికి పోతున్న ఆడవాళ్లు సంచులతో ఎక్కారు. "ఇక్కడ ఎవరన్నా ఉన్నారా బాబాయ్?" అని ఒకావిడ అడిగింది. "పర్చూరులో ఎక్కుతాడమ్మా" అన్నాను. పాపం, అక్కడిదాకా నిలబడే ఉంది.

పర్చూరులో నువ్వు లేవు. కండువా తీసి ఆవిణ్ణి కూర్చోబెట్టాను.

మనం రోజూ చీరాల దాకా వెళ్లి కూడా సముద్రం చూడలేదు. టీ తాగేలోపే నువ్వు రెండు హారన్లు కొట్టి పిలిచేవాడివి. ఈసారి ఆటోలో ఓడరేవు వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. బాగుంది. ఆ మాట అనడానికి పక్కన ఎవరూ లేరు. వెనక ఐసు లారీ రెండుసార్లు హారన్ కొడితే, చెప్పులు చేతపట్టుకుని రోడ్డు దాకా పరిగెత్తాను.

బస్సు కాలవలోకి దిగిన రోజు నీ కళ్లు మూతపడ్డాయని విచారణలో చెప్పింది నేనే. చూసిందే చెప్పాను. నీ ఉద్యోగం పోతుందనుకోలేదు. తిట్టు, పడతాను. ఈ మాట్లాడకపోవడమే కష్టంగా ఉంది.

వచ్చే గురువారం అదే బస్సు. ఎవరడిగినా పర్చూరు దాకా కండువా తీయను.

నీ కండక్టరు