దింపుడు కళ్లం దగ్గర తాతను పిలిచాను

మంగళవారం

సాయంత్రం వీరాస్వామి తాతను సరుగుడు తోట పక్కన పూడ్చి వచ్చాము. ఆయన నేను పుట్టకముందే మెట్ట ప్రాంతం నుంచి ఒంటరిగా వచ్చి, ఈ ఇసుకలో వేరుశనగ పండిస్తూ ఇక్కడే ముసలివాడయ్యాడు. ఆయనకు నా అన్నవాళ్లు లేరు.

దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం మిగిలుంటే పలుకుతారని, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి. ఒక్కరూ కదల్లేదు.

"ఊరు కానోడు. మనకేం వరస?" అన్నాడు సుబ్బయ్య మామ.

నాకు ఒళ్లు మండింది. "ఆయన చేలో కాయలు తినేటప్పుడు వరస అడిగినావా మామా?"

"అంత ప్రేముంటే నువ్వే పిలువబ్బయా. ఇదంతా మూఢనమ్మకమని కాగితాలు పంచేది నువ్వేగదా."

కొందరు నవ్వారు.

పంచాను. ఇప్పటికీ నమ్మను. కానీ ఎవరూ పిలవకుండానే ఆయన్ని మోసుకుపోతే...

మోకాళ్ల మీద కూర్చుని "తాతా" అన్నాను. మూడోసారి పిలిచాక కూడా ఆ చెవి దగ్గరే ఉండిపోయాను. చివరికి మామే వచ్చి భుజం పట్టుకున్నాడు. "లెయ్యి నాయనా, పొద్దు పోతా ఉండాది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పలకడని నాకు తెలుసు. మరి అంతసేపు దేనికోసం ఆగానో...