కంటి కొలత

మే 23

స్కూళ్లు తెరవడానికి ఇంకా మూడు వారాలున్నాయి. ఊళ్లో తల్లులందరికీ ఇవాళే గుర్తొచ్చినట్టుంది, పొద్దుట్నుంచీ షాపులో నిలబడ్డానికి చోటు లేదు. అందరిదీ ఒకటే పాట. ఎదిగే ఒళ్లు సదాభావూ, కాస్త వదులుగా కుట్టు, అని. ఊరందరికీ నేను అన్ననే, సదాభావూని. ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. లోపలికి రెండు వేళ్ల మడత పెట్టి కుడతాను. వచ్చే జూన్‌లో విప్పుకుంటారు.

టేపు మెడలో వేలాడుతుంది గానీ అది అలంకారానికే. పిల్ల గుమ్మంలోంచి నడిచొస్తుంటేనే భుజం, చెయ్యి, పొడవు నాకు తెలిసిపోతాయి. ఈ మాట నా గురించి నేను రాసుకోకూడదు. కానీ నిజం.

మే 26

మా అమ్మాయి ముగ్ధ ఏడో తరగతి పాసైంది. మా ఊరి బడి ఏడుతోనే సరి. ఎనిమిదికి ఖాడీ, అంటే ఊరి పక్క సముద్రపు పాయ, దాటి అవతలి ఒడ్డున హైస్కూల్‌కి పోవాలి. పడవలో పావుగంట.

మొదటి రోజు నేను తీసుకెళ్తానన్నాను. పడవలో పక్కన కూర్చుని, గేటు దాకా. వద్దు బాబా అంది. మా జట్టులో ఎవరి నాన్నా రావట్లేదు, నువ్వొస్తే నన్ను చంటిపాప అంటారు, పరువు పోతుంది, అంది. పదమూడేళ్లకి పరువట! నేను పట్టు పట్టాను. అదీ పట్టింది. ఎవరి పోలికో వేరే చెప్పాలా?

మే 27

పందెం కాసుకున్నాం. ఐడియా దానిదే. ఊరందరి దగ్గరా గొప్పలు పోతావుగా, టేపు ముట్టకుండా నా యూనిఫాం కుట్టు చూద్దాం, అంది. సరిపోతే నేను గేటు దాకా వెళ్లొచ్చు. సరిపోకపోతే అది స్నేహితురాళ్లతోనే వెళ్తుంది, నేను నోరు మూసుకోవాలి.

మా ఆవిడ వైజయంతి పనస అప్పడాలు ఎండబెడుతూ, ఓడేదెవరో నాకు తెలుసులే అంది. నేను ముగ్ధ వైపు జాలిగా చూశాను.

జూన్ 1

సెలవులకి బొంబాయి నుంచి వచ్చిన మా చెల్లెలి పిల్లలు ఇవాళ రైలెక్కారు. నెల రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మంచం కింద చీపురు పెడితే ఇప్పటికీ మామిడి టెంకలు వస్తున్నాయి. మే నెల అంటే నిన్న మొన్న మొదలైనట్టుంది, ఎటు పోయిందో.

ముగ్ధ కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, స్టూలు వెయ్యకుండానే అటక మీంచి గొడుగులు దించింది. వైజయంతి నా మొహం చూసింది. ఏంటి అన్నాను. ఏం లేదు, మీ కళ్లు చల్లగుండ అంది.

జూన్ 4

ముగ్ధ యూనిఫాం కత్తిరించాను. ఆకాశం రంగు కుర్తా, ముదురు నీలం సల్వార్. దాన్ని పిలవను కూడా లేదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న పిల్ల, కళ్లు మూసుకున్నా ఎదురుగా ఉంటుంది. మడత మాత్రం రెండు కాదు, నాలుగు వేళ్లు వదిలాను. సొంత కూతురు కదా. రెండేళ్లకి ఢోకా లేదు.

జూన్ 7

వాన దిగింది. కరెంటు పోయింది. కాలితో తొక్కే మిషనుకి కరెంటుతో పనేంటి, ఏడు జతలు లాగించేశాను.

జూన్ 9

ఓడిపోయాను.

మామూలుగా కాదు, చిత్తుగా. చేతులు మణికట్టు దాకా రాలేదు. కుర్తా మోకాళ్ల పైనే ఆగిపోయింది. సల్వార్ సంగతి రాయను. భుజాల దగ్గర ఎంత బిగిసిందంటే, ఊపిరి పీల్చనా వద్దా బాబా అని అడిగింది. తల్లీకూతుళ్లు నవ్వలేక నేల మీద కూలబడ్డారు. రచ్చ గెలిచి ఇంట ఓడావు బాబా అంది. నేనూ నవ్వాను.

తర్వాత షాపుకెళ్లి పాత కొలతల పుస్తకం తీశాను. నేను కత్తిరించింది పోయిన జూన్ కొలతకి. అచ్చంగా అదే, అరంగుళం తేడా లేదు. ఊళ్లో పిల్లలు ఎంతెంత ఎదిగారో గుమ్మంలోనే పట్టేస్తాను. ఇంట్లో పిల్లని మాత్రం పోయినేడాది దగ్గరే నిలబెట్టి కూర్చున్నాను. బాధేసింది. దాచడమెందుకు, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

జూన్ 11

టేపు పెట్టాను. గిలిగింతలంటూ మెలికలు తిరిగిపోయింది.

మడతలన్నీ విప్పాను. పక్క కుట్లూ విప్పాను. నాలుగు వేళ్లు వదలబట్టి బతికిపోయాను, ఇప్పుడు సరిగ్గా సరిపోయింది. కానీ లోపల పోగు కూడా మిగల్లేదు. రెండేళ్లకని దాచింది ఒక్కసారిగా అయిపోయింది. మరి వచ్చే ఏడాదికెలా అన్నాను. కొత్తది కుట్టు బాబా, ఇంట్లో టైలర్‌ని పెట్టుకుని ఆ బెంగేంటి, అంది.

జూన్ 14

ఒక సందు దొరికింది. పందెం పడవెక్కి గేటు దాకా వెళ్లడం గురించే గానీ రేవు గురించి కాదని వాదించాను. వైజయంతి నా పక్షం మాట్లాడింది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. రేవు దాకా రావచ్చట. షరతులు: సంచీ మొయ్యకూడదు. తల నిమరకూడదు. టిఫిన్ డబ్బా పెట్టుకున్నావా అని అందరిలో అరవకూడదు. అన్నిటికీ ఒప్పుకున్నాను. ఓడినవాడికి ఇంకేం దిక్కు.

జూన్ 15, ఉదయం

రేవు నుంచి ఇప్పుడే వచ్చాను. జల్లు పడుతోంది. పడవ నిండా ఆకాశం రంగే, సగానికి పైగా నేను కుట్టినవే. ఆ తోపులాటలో ముగ్ధ ఎటెక్కిందో చూళ్లేదు. పడవ కదిలాక ముందు బల్ల మీద కనిపించింది, రెండు జడలు, ఒళ్లో తనకంటే పెద్ద సంచీ. చెయ్యి ఊపాను. తెల్లబోయి చూసింది. ఇంకా గట్టిగా ఊపాను.

ఎవరి పిల్లో. పై ఊళ్లో ఎక్కినట్టుంది, ఐదో తరగతి కాబోలు.

వెనక, పడవ నడిపేవాడి పక్కన, ఒక పొడుగాటి అమ్మాయి లేచి నిలబడి ఇందాకట్నుంచీ నాకు చెయ్యి ఊపుతోంది. బాబా, ఇటు, ఇటు చూడు, ఇక్కడున్నాను, అని అరుస్తోంది.