నడుమ ఒక స్టాపు

ఎల్.బి.నగర్,
18-11-2025, మంగళవారం.

గౌరవనీయులైన త్రినాథరావు సారు గారికి,

ఆర్టీసీ రిటైరు డ్రైవరు మట్టయ్య దండం పెట్టి రాయునది. ఇక్కడ నేను, మా ఇంటిది సుమిత్రమ్మ, మనవరాలు యాదలక్ష్మి కుశలం. మీ కుశలం కూడా కోరాలి, అది మర్యాద. అందుకే కోరుతున్నాను. తొమ్మిదో తారీకు ఆదివారం దాకా అయితే మనసారా కోరేవాణ్ణి.

ఫోన్ చేస్తే మీరు నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలిపి నన్ను తిప్పేస్తారు. కాగితం మీద తిప్పలేరు. నాకు చదువు బస్సు బోర్డుల మీద వచ్చింది. కొమ్ములు, దీర్ఘాలు తప్పితే మీరే దిద్దుకోండి. న్యాయంలో మాత్రం దిద్దేది ఏమీ లేదు.

ఆ రోజు మీరు రిఫరీగా ఉన్న ఫుట్‌బాల్ ఫైనల్‌లో మా ఎల్.బి.నగర్ ఆడపిల్లలకు ఒక గోలు, వనస్థలిపురం ఆడపిల్లలకు ఒక గోలు. ఆట ఇంకా నాలుగు నిమిషాలుంది. మా జట్టు పిల్లే వెనక్కి తన్నిన బంతిని గోల్‌కీపర్ అయిన మా యాదలక్ష్మి చేతులతో పట్టింది. అది తప్పే. కాలితో తన్నాలి. నేను కాదనను. మీరు ఈల వేశారు, ఫ్రీ కిక్ ఇచ్చారు, కుడి చెయ్యి పైకెత్తారు.

ఎత్తిన చెయ్యి గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు సారు. ముప్పై ఒక్క ఏండ్లు చేతులు చూసి బండి ఆపినవాణ్ణి. అందులో మీ చెయ్యి ఎన్నిసార్లో! పాఠాలు చెప్పే బడికి ఆలస్యమై, ఒక చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, ఇంకో చెయ్యి గాల్లోకెత్తి సందులోంచి మీరు ఉరికొస్తుంటే స్టాపు దాటిన బండిని ఆపాను. వెనక నుంచి ఎవడో "ఏందన్నా, నీ అల్లుడా?" అని అరిచాడు. "అల్లుడైతే నడిచి రమ్మందును" అన్నాను. బస్సంతా నవ్వింది, మీరు కూడా నవ్వారు.

ఆటలో ఆ చేతికి అర్థం చెప్పింది కూడా మీరే. పొద్దున నడకలో చెప్పారు. "మట్టయ్యగారూ, డైరెక్ట్ కిక్ అంటే నాన్‌స్టాప్ బస్సండి, తిన్నగా గోల్లోకి వెళ్లిపోవచ్చు. రిఫరీ చెయ్యెత్తాడంటే ఇండైరెక్ట్. మధ్యలో ఒక స్టాపు ఆగి తీరాలి. ఇంకెవరికీ తగలకుండా లోపలికెళ్తే గోలు లేదండి" అన్నారు. డ్రైవరుకు స్టాపుల సంగతి చెప్పి, మళ్లీ వాడు మర్చిపోతాడనుకున్నారా?

వాళ్ల పిల్ల తన్నింది. బంతి తిన్నగా గోలు మీదికే వస్తున్నది. మీ చెయ్యి పైనే ఉంది. నేను గీత పక్క నుంచి అరిచాను, "వదిలెయ్ బిడ్డా! చెయ్యి లేసే ఉన్నది, వదిలెయ్!" అని. పిల్ల చాచిన చేతులు వెనక్కి గుంజుకుంది. బంతి వలలో పడింది. నేను చప్పట్లు కొట్టాను. మీరేమో ఈల వేసి మైదానం నడిమికి వేలు చూపారు. గోలట! నా చప్పట్లు నాకే చెంపదెబ్బలయ్యాయి.

లోపలికి ఉరికొచ్చి అడిగితే మీరేమన్నారు? "నేను చూసింది చూశానండి. మీ అమ్మాయిక్కూడా తెలుసు. దయచేసి గీత బయటికెళ్లండి." మన ఇద్దరి నడుమ పిల్లనెందుకు లాగారు? పైగా నన్ను గీత బయటికి పొమ్మంటారా? పొద్దున్నే వంగి ఆ గీతలకు సున్నం పోసిందెవరు?

ఇంటికొస్తే మా సుమిత్రమ్మ ఇంకో మాట. "సార్ చెయ్యి లేసిందో లేదో నాకు తెల్వదు గానీ, నీ నోరు లేసింది దిల్‌సుఖ్‌నగర్ దాక ఇనబడ్డది" అన్నది. ఇంట్లో కూడా నాకు రిఫరీలు తక్కువ లేరు.

వనస్థలిపురం వాళ్లు కొందరు, మీరు అసలు చెయ్యే ఎత్తలేదంటున్నారు. సరే, అట్లనే అనుకుందాం. యాదలక్ష్మితో రూల్సు చదివించుకుని, తెలుగులో చెప్పించుకున్నాను. ఇండైరెక్ట్ ఇచ్చిన రిఫరీ చెయ్యెత్తడం మరిచిపోయి, బంతి తిన్నగా గోల్లో పడితే, మళ్లీ తన్నించాలట. ఎత్తితే గోలు లేదు. ఎత్తకుంటే మళ్లీ తన్నుడు. ఏ దారిన పోయినా మీ గోలుకు రూటు లేదు సారు. చదివేటప్పుడు "ఇంకెవరికీ తగలకుండా" అన్న చోట పిల్ల రెండుసార్లు ఆగింది. దుఃఖం అడ్డమొచ్చింది పాపం.

ఓడినందుకు కాదు నా కోపం. కప్పుదేముంది, రేకు ముక్క. కోచ్ విజయదుర్గ మేడం "బాల్ వస్తుంటే చేతులు ముడుచుకునే కీపర్ నాకెందుకండీ?" అని జిల్లా జట్టు ఎంపికకు పంపే పేర్లలో మా పిల్ల పేరు కొట్టేసింది. శనివారం ఆ పేర్లు పోతాయి. తొమ్మిది రోజులుగా యాదలక్ష్మి గ్లౌజులు ముట్టలేదు. అడిగితే "ఇడిసిపెట్టు తాతా" అంటుంది. నేను విడిచిపెట్టే రకం కాదు.

కాబట్టి మీరు శనివారం లోపల మేడం దగ్గరికి వచ్చి, ఆ గోలు తప్పని, పిల్ల రూలు తెలిసే వదిలిందని చెప్పాలి. రాకపోతే ఆదివారం మీరు ఆడించే ఆటలో గోలు గీత మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎర్ర కార్డు చూపిస్తే చూపించుకోండి. నేను చౌరస్తాలో ఎర్ర లైటుకు ఆగినవాణ్ణి, జేబులోని కార్డుకు ఆగను.

ఇట్లు,
సున్నం పోయడానికి తప్ప ఎవరి ముందూ నడుము వంచని
మట్టయ్య

మరిచిన మాట: తప్పులు చూడమని ఈ ఉత్తరం యాదలక్ష్మికి ఇచ్చాను. తప్పు చూపించింది, అక్షరాల్లో కాదు. "నువ్వు వదిలెయ్ అన్నవని చేతులు గుంజుకున్న తాతా. కానీ అప్పటికే చిటికెన వేలుకు తాకింది. అది చూసే సార్ చెయ్యి దించిండు. నాకు తాకినంక గోలే" అన్నది. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదే అంటే, "చెప్తే తప్పు నీదైతది కదా" అన్నది.

బంతి నడుమ ఒక స్టాపు ఆగింది సారు. ఆ స్టాపు మా పిల్ల వేలు. గోలు గోలే.

అయినా ఉత్తరం చించను. మట్టయ్య రాసింది మట్టయ్య చించడు. మిమ్మల్ని అన్న మాటలు మీరే కొట్టేసుకోండి. నడుము వంచనన్న మాట కూడా. మేడం దగ్గరికి నేనే పోతాను. చేతులు ముడిచింది పిల్ల కాదు, ఈ ముసలోడి నోరు అని చెప్తాను. తాతను గనక మేడం నా మాట నమ్మదు. చూసినవారు మీరు, పక్కన నిలబడాలి.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మీ సందు మొగదల, మీరు బస్సెక్కిన చోటే చెయ్యెత్తి నిలబడతాను. ఇన్నేండ్లు మీరు ఎత్తారు, నేను ఆపాను. ఈసారి మీరు మీ స్కూటరు ఆపండి.