రాజు బదులు నిలబడిన దొర

షినాస్, ఒమాన్
14 నవంబరు 1976

చిరంజీవి లీలాకుమారికి యేసు ప్రభువు పేరట మీ నాన్న వీరాస్వామి దీవెనలు. ఇక్కడ నా ఒంట్లో కులాసా. అక్కడ నువ్వూ అమ్మా చల్లగా ఉన్నారని తలుస్తాను.

అమ్మా, నీ పెళ్లి కుదిరిందన్న ఉత్తరం ఆసుపత్రి వంటగదిలో నిలబడే చదివాను. చాలక అందరికీ చదివి వినిపించాను. ఆ సంబరంలో రోగుల జావలో ఉప్పు బదులు పంచదార పోశాను. పెళ్లి నీ కూతురికా నీకా వీరాస్వామీ అని గోవా నర్సు ఫిలోమినా ఒకటే ఏడిపించింది. రోగులు మాత్రం ఇంకో గిన్నె అడిగి తాగారు!

కష్టమల్లా ఒక్కటే. సెలవు దొరకలేదు. గుడిలో నీ పక్కన నేనుండను. ఆ మాట విన్నాకే ఫిలోమినా, వాళ్ల అమ్మమ్మ చెప్పే కథ ఒకటి నాకు చెప్పింది. బుడతకీచులు, అదే పోర్చుగీసువాళ్లు, ఈ తీరానికి ఓడలేసుకుని రాకముందు, బాగా పాతకాలంలో, వాళ్ల దేశంలో ఫెర్నాందు అని పెద్దింటి దొర ఉండేవాడట. రాజుగారి రాయబారి. ఎవరితో తగవొచ్చినా ఆయనే వెళ్లి మాట కలిపేవాడు. సగం ఆయుష్షు గుర్రం మీద, సగం పరాయి కొలువుల్లో పోయింది. రాజుకు పొరుగు రాకుమారి సంబంధం కుదిర్చి, వాళ్ల గుడిలో రాజు బదులు తనే నిలబడి ఆమె వేలికి ఉంగరం తొడిగాడు. వాళ్లలో అలా చెల్లుతుందట. దారిలో ఆమెకు జ్వరమొస్తే కనిపెట్టుకుని, బెంగపడితే నవ్వించి, కోట గుమ్మం దాకా తెచ్చాడు. రాజు ఎదురొచ్చాడు. దొర పక్కకు తప్పుకున్నాడు. చేసిన పనుల్లో ఏది కష్టమని ముసలితనంలో ఎవరో అడిగితే, ఆ తప్పుకోవడమే అన్నాడట. నేను జావ గిన్నె దగ్గరే కూలబడి ఏడ్చాను. సంతోషంతోనేలే.

అందుకని నా బదులు మా అన్న, మీ అమోసు పెదనాన్న నిలబడతాడు. ఈ స్త్రీని ఇచ్చువారెవరని పాస్టరుగారు అడిగితే, నేను అని గట్టిగా అనమను. అసలే ఆయనది పీల గొంతు. చొక్కా గుడ్డ పంపుతున్నాను. వద్దంటాడు, ఊరుకోకు, కుట్టించి తొడిగించు.

నిన్ను తలుచుకుని మురిసిపోయే
మీ నాన్న వీరాస్వామి

తా.క. కవరు అంటించబోతే చేయి రాలేదు తల్లీ. సెలవు దొరికింది. నేనే వద్దన్నాను. నిన్ను కన్నది అమోసు పెదనాన్న. దొడ్డమ్మ నీ పురిట్లోనే పోతే, పిల్లల్లేని మీ అమ్మ ఒళ్లో నిన్ను తెచ్చి పెట్టాడు. ఆనాటి నుంచి నా బిడ్డ అని ఒక్కనాడూ నోరెత్తలేదు. ఇన్నేళ్లూ ఆయన బదులు నిలబడింది నేను. నేనొస్తే మళ్లీ వెనక బల్ల మీదే కూర్చుంటాడు. గుడిలో ఆయన ఆ మాట అన్నాక, నాన్నా అని ఒక్కసారి పిలువు. నన్ను పిలవడం మాత్రం మానకమ్మా.