పనికెళ్లినవాళ్ల గడి

కొత్తగట్టుపాలెం,
మంగళవారం.

అమ్మకు,

ఈ ఉదయం అమ్మమ్మ కాఫీ గ్లాసు నా చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. చల్లారిపోయేదాకా నేను చూసుకోలేదు. అది తప్పిస్తే ఇక్కడ ఇద్దరం కులాసా. కువైట్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావనే నమ్ముతున్నాను.

క్రిస్టినా అక్క సెలవు అయిపోయింది, గురువారం నర్సాపురంలో రైలెక్కుతోంది. నీ ఉత్తరం తెచ్చిచ్చింది తనే, ఇదీ తన చేతికే ఇస్తాను. శుక్రవారం వీడియో కాల్‌లో చెప్పచ్చు కదా అంటావు. ఫోన్‌లో నాకు మాటలు రావని నీకు తెలుసు.

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. అమ్మమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, చేపలు ఎండబెట్టడానికి మళ్లీ గట్టు మీదికి వెళ్తోంది. వంటింటి రేకు మార్పించాను. పుస్తకాలు చదివి కళ్లు పాడుచేసుకుంటున్నానా అంటే, ఈ నెలలో ఒక్కటీ చదవలేదు.

దేశంలో ఏమవుతోంది, టీవీలో అందరూ అరుచుకుంటున్నారు అని రాశావు. ఓటర్ల జాబితా గురించి, అమ్మా. దొంగ ఓట్లున్నాయని ఒకరు, అసలు ఓట్లు తీసేస్తున్నారని ఒకరు. ఆ గొడవతోనే పార్లమెంటు వాయిదా పడుతోంది. మన ఊళ్లో అంత లేదు. లోవరాజు మావయ్యా సురేష్‌బాబు అన్నయ్యా టీ కొట్టు దగ్గర గంటసేపు వాదించుకుని, ఒకే బోటెక్కి వేటకు వెళ్లారు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం కాబట్టి ఇంటింటికీ తిరిగి ఓటర్ల ఫారాలు నింపే పని నాకు వేశారు. ఈ నెలంతా నాకు దేశమంటే ఒక సంచి, ఒక పెన్ను, తొమ్మిది వందల పేర్లు. తలుపు కొట్టే ముందు ప్రతి ఇంటి దగ్గరా ఏం మాట్లాడాలో ఒకసారి లోపల చెప్పుకునేదాన్ని.

నా ఓటు జాగ్రత్తగా ఉందా అని నీ ఉత్తరంలో మూడు చోట్ల అడిగావు. ఆ జవాబు రాయలేకే ఇంతసేపూ మిగతావన్నీ రాశాను.

నీ పేరు తీసేశారమ్మా. తీసేసింది నేనే.

ఊళ్లో లేనివాళ్ల కోసం ఫారంలో మూడే గడులున్నాయి. చనిపోయారు, ఆచూకీ లేదు, శాశ్వతంగా వెళ్లిపోయారు. పనికెళ్లారు, వస్తారు అనే గడి లేదు. ఏ గడీ ఖాళీగా వదలకూడదని కాన్వెంటులో నేర్పించారు కదా, నాకు వదలడం చేతకాదు. ఏళ్ల తరబడి లేనివాళ్లను మూడో గడిలో రాయమన్నారు. మన ఇంటికి వచ్చేసరికే గల్ఫ్‌లో ఉన్న నలుగురు ఆడవాళ్లకు అలాగే రాశాను. అందులో తబిత వాళ్లమ్మ ఒకరు. తబిత ఏడ్చింది. పార్టీ తరఫున నాతో తిరుగుతున్న దుర్గాసాయి గారు మన గుమ్మంలో నిలబడి, "మీ అమ్మగారికేం రాస్తారండి మరి?" అని నవ్వారు. ఆయన అడక్కపోయినా అదే రాసేదాన్ని. నీ పేరొక్కటీ ఉంచేసి తబిత మొహం చూడలేను.

జాబితా గోడకు అతికించిన రోజు ఎవరో అమ్మమ్మకు చదివి వినిపించారు. గంప దించకుండానే మొదలుపెట్టింది.

"ఏంటే, కన్నతల్లి పేరే కొట్టేసేవంట?"

"రూల్ అలా ఉంది అమ్మమ్మా. అమ్మ ఎనిమిదేళ్లుగా ఊళ్లో లేదు కదా."

"శాశ్వతంగా పోయిందా అది? పనికెళ్లింది. నువ్వు తిరిగిన రోజున ఈదిలో మొగోడనేవోడు ఉన్నాడేంటే? అందరూ ఏటకెళ్లినోళ్లే. మరి ఆళ్ల పేర్లూ కొట్టెయ్!"

"వాళ్లు తిరిగొస్తారు కదా."

"సముద్రం మీదికెళ్లినోడు తిరిగొత్తాడని నీకెవత్తె చెప్పిందే?"

నాన్న పేరు ఆవిడ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా.

నిజమే, ఆ రోజు పదకొండు ఇళ్లలో మగవాళ్లు లేరు. భార్యల చేత సంతకాలు పెట్టించి వాళ్ల పేర్లు ఉంచాను. నువ్వెక్కడున్నావో నాకు వీధి పేరుతో సహా తెలుసు. వాళ్లు ఏ నీళ్ల మీద ఉన్నారో వాళ్ల భార్యలకే తెలియదు.

అప్పటినుంచి అమ్మమ్మ నాతో మాట్లాడటం లేదు. దాచిపెట్టమని నువ్వు చెప్పిన నీ పాత ఓటరు స్లిప్పులు మూడూ దేవుడి పటం వెనకనుంచి తీసి నా పుస్తకాల మీద పెట్టింది. "శాశ్వతంగా" అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది, అమ్మా. ఆగినా రాశాను. కోప్పడాలనిపిస్తే ఇది అందాక వచ్చే శుక్రవారం కోప్పడు, వింటాను.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇంకా గడువుంది. నిన్న అమ్మమ్మ నా మీద అర్జీ పెట్టింది. నీ పేరుతోపాటు ఆ నలుగురి పేర్లూ అందులో ఉన్నాయి. సోమవారం విచారణ, నేనే జవాబు చెప్పాలి. ఈ నాలుగు రోజుల్లో ఆవిడ నాతో మాట్లాడింది ఆ అర్జీ చెప్పడానికే. వీధిలో అందరి అర్జీలూ రాసిపెట్టేది నేనే కాబట్టి, అదీ నేనే రాశాను.

ఇట్లు,
నీ కూతురు
ఉష