పసుపు గుడ్డ

12 జూన్ 1996
ఓనర్ రాఘవేందర్ వచ్చాడు. అశోక్‌నగర్ ఇల్లు బిల్డర్‌కిచ్చేశాడట. అపార్ట్‌మెంట్లు లేస్తాయట. జులై ముప్పై ఒకటికల్లా ఖాళీ చేయాలి. సరే అన్నాను. ఒంటిగాడిని, ఎక్కడో ఒక రూము దొరక్కపోదు. ఆయన వెళ్లాక నల్లా దగ్గరి నిమ్మచెట్టు కనపడింది. ఇంటితో పాటు దాన్నీ కొట్టేస్తారు.

పెళ్లైన కొత్తలో నళిని నాటిన చెట్టు. దాని ముళ్లకు నా చొక్కాలెన్ని చిరిగాయో. నరికించేస్తానని నేను అరవడం, ఆమె నవ్వుతూ చొక్కా కుట్టి చేతికివ్వడం. ఆమె పోయి పద్నాలుగు నెలలు.

13 జూన్
నారాయణగూడలో నర్సరీ ఉప్పలయ్యను అడిగాను. ఇంత పెద్ద చెట్టును పీకితే బతకదన్నాడు. గింజ వేస్తే వచ్చేది వేరే చెట్టు. కొమ్మకే వేళ్లు తెప్పించాలట. బొటనవేలు వెడల్పున చుట్టూ బెరడు తీసి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కవరు బిగించి కట్టాలి. వేళ్లొచ్చాక కొమ్మ కోసి కుండీలో నాటుకోవాలి. రెండు నెలలు పట్టొచ్చన్నాడు. నాకున్నవి నలభై ఎనిమిది రోజులు.

14 జూన్
కట్టాను. బెరడు కింద పచ్చగా, జిగురుగా ఉంది. అది కూడా గీకెయ్యమన్నాడు. చేయి రాలేదు. ఆసుపత్రిలో నళిని చేతికి సూదులు గుచ్చిన చోట్లు గుర్తొచ్చాయి. చాల్లే అని కట్టేశాను.

2 జులై
వేళ్లు లేవు.

11 జులై
విప్పి చూశాను. బెరడు మళ్లీ కమ్ముకుంది. జిగురు గీకకపోతే అంతేనని, నా జాలే కొంప ముంచిందని ఉప్పలయ్య తిట్టాడు. అందరి ముందూ ఏడ్చాను. సిగ్గు కూడా వేయలేదు.

సాయంత్రం ఇంకో కొమ్మకు కట్టాను. ఈసారి తెల్లటి కట్టె తేలేదాకా గీకాను. ఎండ తగలకుండా పైన నళిని బీరువాలోని రవిక గుడ్డ చుట్టాను. చేతికి పసుపుది వచ్చింది.

31 జులై
దోమలగూడ రూముకి మారాను. ఒక్క నెల గడువడిగితే, చెట్టు కోసమా అని రాఘవేందర్ నవ్వాడు. కాళ్లు పట్టుకునేవాణ్ణే.

5 ఆగస్టు, ఉదయం 6
అశోక్‌నగర్ ఇంటి గోడలు పడిపోయాయి. చెట్టు ఉంది. గొడ్డలెత్తిన మనిషిని పాలమూరు కూలీ హనుమమ్మ ఆపిందట. నన్ను చూసి ఎదురొచ్చింది.

"ముడుపు గట్టిన చెట్టు సారూ. మీ మొక్కు దీరేదాంక గొడ్డలి వెట్టనియ్య."

పసుపు గుడ్డ! దాన్ని దేవుడికి కట్టిన ముడుపనుకున్నారు. మేస్త్రీ కూడా ఆ పక్కకు రావడం లేదు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా చేతులు జోడించాను.

18 ఆగస్టు
ఏం మొక్కుకున్నారని హనుమమ్మ అడిగింది. తను రోజూ దానికి దండం పెట్టుకునే పనిలోకి దిగుతోందట.

6 సెప్టెంబరు
గుడ్డ పైకెత్తి చూశాను. కవరు నిండా తెల్లటి వేళ్లు. ఇక కొమ్మ కోయాలి. కోయాలంటే ముడుపు విప్పాలి. విప్పితే మొక్కు తీరినట్టే, చెట్టు కూలినట్టే. ఆమె చెట్టును నా చేత్తో నేనే అప్పజెప్పాలి. ఈ రోజు నావల్ల కాలేదు.

8 సెప్టెంబరు
విప్పాను. కొమ్మ కోశాను. మొక్కు తీరిందా అని హనుమమ్మ అడిగింది. తీరిందన్నాను. గేటు దాటకముందే గొడ్డలి చప్పుడు.

20 సెప్టెంబరు
కుండీలో కొమ్మకు ఆకులన్నీ రాలాయి. పుల్ల మిగిలింది. హనుమమ్మకు అబద్ధం చెప్పాను, నాకిలాగే కావాలి.

27 అక్టోబరు
కుండీ జరుపుతుంటే ఏదో లాగింది. చిగురు కింద ముల్లు. చొక్కా జేబు దగ్గర చిరిగింది. కుట్టించను.