కోటు లోపలి పిచ్చుక

అమ్మా, నేను బాగున్నాను, వేళకి తింటున్నాను. నాన్నని నా మీదికి పంపే ఆలోచన మానుకో.

"కుట్టుపనిలో కుదురుకున్నావా, ఆ బొమ్మల పిచ్చి వదిలిందా?" అని అడిగావు. కుదురుకున్నాను. పిచ్చి మాత్రం వదల్లేదు. మొన్న టీ వేళ ఊరికే ఉండలేక, కత్తిరించి పెట్టిన కోటు లైనింగు మీద సుద్దతో పిచ్చుకని గీసి, దులపడం మరిచిపోయాను. మా కొట్లో ఎంబ్రాయిడరీ చేసే పెద్దక్క అది ఆర్డరే అనుకుని, గోధుమరంగు దారంతో తోకతో సహా కుట్టేసింది. కోటాయన వచ్చి తొడుక్కుని, లోపలికి చూసుకుని, పిచ్చుక తోకని వేలితో తడిమాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మా మాస్టరు సర్దిచెప్పబోయేలోపే ఆయన, "మా ఆవిడ కోటుకీ ఒకటి పెట్టండి. అది దీనివైపు తిరిగి ఉండాలి" అన్నాడు. ఆయన వెళ్లాక మాస్టరు నన్ను పిలిచి, "ఇకమీదట టీ వేళ ఊరికే కూర్చోకమ్మా" అన్నాడు.

ఇన్నాళ్లూ 'కొత్తమ్మాయి' అన్నవాళ్లందరూ ఇప్పుడు నన్ను 'పిచ్చుకా' అంటున్నారు. నువ్వనే పిచ్చికి అదేమంత దూరం కాదులే.

నా కుంచెల డబ్బా పంపించు. తమ్ముడి దగ్గు తగ్గిందా? కుక్కరు రబ్బరు మార్చారా, ఇంకా ఈల వేయకుండా బుసకొడుతోందా?

ఇంటికి రంగులు వేయిస్తున్నారట. వంటింటి గోడ మీద బొగ్గుతో పిచ్చుకని గీసినందుకు చిన్నప్పుడు నా వీపు విమానం మోత మోగించావు కదా, దాన్ని మాత్రం చెరపనివ్వకు. ఆ కోటాయన వాళ్లావిడ కోటులో నేను గీసింది దాన్నే.

నాన్నకి నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

నీ పిచ్చుక